ఎజ్డీ బండి, మొహర్రం నెల

మా గల్లీలో బైకు ర్యాలీ అంటే ముందు షట్టర్ల చప్పుడు వినపడుతుంది. బండ్ల చప్పుడు ఆ తర్వాత. పండగ ఊరేగింపు రోజున జొహర్ నమాజు కాగానే కిరాణా కొట్టు సగం షట్టరు దించుతుంది. పాన్ డబ్బా మొత్తం మూసేస్తుంది. వాకిట్లో ఆడుకునే పిల్లల్ని తల్లులు రెక్క పట్టుకొని లోపలికి గుంజుకుపోతారు. ఏమీ కాకపోవచ్చు. చాలా ఏళ్లు ఏమీ కాదు కూడా. అయినా వందల బండ్లు జెండాలు కట్టుకొని వచ్చి, మసీదు ముందుకు రాగానే నెమ్మదై, హారన్లు ఎక్కువై, నినాదాలు ఇంకా ఎక్కువై పోతుంటే గోడకవతల కూర్చున్నవాడి గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఆ బండ్ల మీద ఉన్నవాళ్లకు తెలియదని చాలామంది అంటారు. నేననను. కొందరికి తెలుసు. తెలిసే హారను కొడతారు.

మా పిల్లలేం తక్కువ తినలేదు. మిలాద్ రోజున సైలెన్సర్లు పీకేసి, బండికి ముగ్గురెక్కి, పచ్చజెండా ఊపుతూ ఫ్లైఓవర్ మీద చక్కర్లు కొడతారు. ప్రవక్త పుట్టినరోజున ఆస్పత్రి ముందు ఇట్లా మోత మోగించమని ఎవరు చెప్పార్రా అని అడిగితే, "వాళ్లు చేస్తలేరా అంకుల్?" అంటారు. వాళ్లు అంటే ఎవరో చెప్పక్కర్లేదు. వాళ్లకు మేము వాళ్లం, మాకు వాళ్లు వాళ్లు.

విలేకరిగా ఈ రెండు రకాల ర్యాలీలూ ఇరవయ్యేళ్లుగా ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను. ఎన్ని బండ్లు, ఏ నాయకుడు ముందున్నాడు, ఎక్కడ ఆగారు, ఏమని అరిచారు... రాసుకోవడం, ఆఫీసుకు పోయి తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వార్త కొట్టడం. మెడలో ఐడీ కార్డుంటుంది. దానిమీది పేరు కనపడకుండా కార్డును తిప్పేసుకోవడం మొదట్లో ఒక సీనియర్ నేర్పాడు. ఏ ర్యాలీలో తిప్పుకోవాలో, ఏ ర్యాలీలో కనపడనివ్వాలో తర్వాత అదే అలవాటైంది.

అందుకే మా ఉస్తాద్ "జావా బండ్ల ర్యాలీ ఉంది సాబ్, ఓసారి వచ్చి చూడున్రి" అన్నప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్న, ఎవరిది? అని. ఆయనకు అర్థం కాలేదు. "ఎవరిదేంది? బండ్లది" అన్నాడు.

ఉస్తాద్ మా ఇంటి దగ్గర మెకానిక్కు. అరవై దాటాయి. పన్నెండేళ్లకు ఛోటుగా చేరినవాడు. జావా, ఎజ్డీ తప్ప వేరే బండి ముట్టుకోనని ఒకప్పుడు బోర్డు పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆ బోర్డు లేదు, స్కూటీలు కూడా బాగుచేస్తాడు, కానీ వాటిని విప్పేటప్పుడు ఆ ముఖం చూడాలి. నాకు బండి లేదు. గేర్ల బండి నడపడం రాదు. నేను సిటీ బస్సు మనిషిని. ఆయనతో దోస్తానా అంతా ఆయన దుకాణంలో ఉర్దూ పేపరు చదివి వినిపించడంతో మొదలైంది.

జూలై నెల రెండో ఆదివారాన్ని జావా అభిమానులు ప్రపంచమంతా జావా దినంగా జరుపుకుంటారు. 2024లో అది జూలై 14న వచ్చింది. మన దగ్గర ఆ రోజు మొహర్రం ఏడో తారీఖు. హుస్సేన్ సాగర్ పక్కన ఒక ఖాళీ జాగాలో పొద్దున ఆరున్నరకే బండ్లు చేరాయి. నేను ఉస్తాద్ స్ప్లెండర్ వెనకాల, ఒళ్లో పనిముట్ల సంచీ పెట్టుకొని వెళ్లాను. అంత బరువు సంచీ నేనెప్పుడూ మొయ్యలేదు.

మనుషుల్ని చూడటం నా వృత్తి గనక చెప్తున్నాను, ఇట్లాంటి జనాన్ని నేను వేరే ఏ గుంపులోనూ చూడలేదు. ఇక్కడ ఎవరూ ఎవరి ముఖమూ ముందు చూడరు. ట్యాంకు చూస్తారు, ఇంజను వైపు వంగుతారు, సైలెన్సర్లు చూస్తారు, అప్పుడు తలెత్తి మనిషిని చూస్తారు. "ఏ మోడలు?" "ఎనభై రెండు." "ఓహో, రోడ్‌కింగా!" పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు. అది కుదిరాక ఇంకేమీ అడగరు, చెయ్యి కలిపేస్తారు.

ఖమ్మం నుంచి, విజయవాడ నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చినవాళ్లున్నారు, కళ్లు చింతనిప్పులు. జూలై ఉక్కపోతలో తోలు కోట్లు వేసుకొని, మోకాళ్లకు కవచాలు కట్టుకొని నిలబడ్డ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లున్నారు. పాతకాలం ఎర్ర జావా ఒకదాన్ని మెత్తటి పంచె ముక్కతో తుడుస్తున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు ఒకాయన, తుడిచినచోటే మళ్లీ తుడుస్తున్నాడు. ఆయన భార్య మడత కుర్చీలో టిఫిన్ డబ్బా పట్టుకొని పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు ఆయన్ని చూస్తోంది. 2018లో మళ్లీ పుట్టిన జావాలు, 2022లో మళ్లీ పుట్టిన ఎజ్డీలు ఒకపక్కకు, కొత్త అల్లుళ్లలా శుభ్రంగా నిలబడ్డాయి. పాతవాళ్లు వాటివైపు మర్యాదగా చూశారు, అంతే.

ఒక అమ్మాయి వాళ్ల తాతగారి ఎజ్డీ తెచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. నలుగురైదుగురు మగవాళ్లు చుట్టూ చేరి కిక్కెట్లా కొట్టాలో నేర్పబోయారు. ఈ బండ్లకు కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే, ఎడమ పక్కనుంటుంది. పైకి లేపి తొక్కితే కిక్కు, ముందుకు వంచితే అదే గేరు. కొత్తవాళ్లకు చేతకాదు. ఆ పిల్ల ఎవరి మాటా వినకుండా ఒక్క తన్ను తన్నింది. రెండు గొట్టాల్లోంచి నీలం పొగ మీదికి రాగానే గురువులంతా నాలుగడుగులు వెనక్కి తగ్గారు.

బ్యాంకు మేనేజరు గారు నన్ను పలకరించారు. మీ బండేది? లేదండి, చూడ్డానికి వచ్చాను. సంతోషం, పేరు? చెప్పాను. ఒక్క క్షణం ఆగి, నిజమైన ఆనందంతో, "మీరు తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారే!" అన్నారు.

ఈ మెచ్చుకోలు నాకు బడిలో ఉన్నప్పటి నుంచి ఉంది. మా నాయన మిర్యాలగూడలో పుట్టాడు. మా తాత నేరేడుచర్ల పక్కన పుట్టాడు. మా నానీ పాలవాడితో, చాకలామెతో, మంత్రసానితో తెలుగులోనే పోట్లాడింది. నేను బీఏలో తెలుగు సాహిత్యం చదివాను. ఆ క్లాసులో కూడా ఇదే మెచ్చుకోలు. మెచ్చుకునేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. అదే దాని ఇబ్బంది. చెడ్డవాడైతే మాటకు మాట అనొచ్చు. ఆ పెద్దమనిషి ఇంకో అడుగు ముందుకేసి, "మా ఉస్తాద్ కూడా అంతే, మనలాగే మాట్లాడతాడు" అని, అటు తిరిగి "ఉస్తాద్! పేచ్‌కస్ ఉందా?" అని కేకేశాడు.

పేచ్ అంటే మెలిక, కశ్ అంటే లాగేది. పక్కా ఫార్సీ. ఆయన నోట్లో అది అచ్చతెలుగు మాటలా పలికింది. ఆ పొద్దున నేను లెక్కపెట్టిన మాటలన్నీ అంతే. పానా, చాబీ, ఉస్తాద్, కార్ఖానా, మరమ్మతు. గుంటూరు కుర్రాడూ అవే అన్నాడు, ఖమ్మం రెడ్డిగారూ అవే అన్నాడు. "మీరు ఉర్దూ చాలా బాగా మాట్లాడుతున్నారే" అని వాళ్లలో ఎవరితోనైనా అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. పొద్దున్నే టిఫిన్ పెట్టినవాళ్లు.

ఇక ఆ పేరు సంగతి. ఎజ్డీ. తెలుగు నోళ్లలో అది ఎజ్డీయే. మా ఇంట్లో మాత్రం ఆ పేరు అట్లా పలకలేదు. మా మామూ కరెంటాఫీసులో లైన్‌మన్. 1984లో ఎజ్డీ రోడ్‌కింగ్ కొన్నాడు. ట్యాంకు మీద ఇంగ్లీషు అక్షరాలు పక్కింటి పిల్ల చదివి వినిపించగానే మా నానీ కాళ్లకింద పాము చూసినట్టు జరిగిందట. "యజీదా? యజీద్ మీద కూర్చొని నేను జాన్‌పహాడ్ దర్గాకు పోవాల్నా?"

ముస్లిం ఇళ్లల్లో పుట్టనివాళ్లకు ఇది చెప్పాలి. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనవడు హుస్సేన్‌ను, ఆయన వాళ్లను నీళ్లు కూడా అందనివ్వకుండా చంపించిన పాలకుడు యజీద్. ఆ పేరు మా దగ్గర తిట్టు. ఏ తల్లీ బిడ్డకు పెట్టుకోదు. మేం సున్నీలం, మాతం చెయ్యం. కానీ మా ఊళ్లో పీర్లు లేస్తే ఊరంతా లేస్తుంది. అలావా గుంటలో నిప్పులు తొక్కేవాళ్లలో గొల్లలూ ఉంటారు, మాదిగలూ ఉంటారు. యజీద్‌ను తిట్టడానికి అక్కడ కలిమా చదవక్కర్లేదు.

మామూ రెండు రోజులు బతిమాలాడు. చివరికి బజారుకు పోయి 786 స్టిక్కరు తెచ్చి, ఆ పేరు మీద సరిగ్గా కప్పేటట్టు అంటించాడు. నానీ బిస్మిల్లా అని ఎక్కింది. ఎనిమిదేళ్లు ఆ బండి మా ఊళ్లో 786 బండి. 1992 డిసెంబరులో, బాబ్రీ మసీదు కూల్చిన మూడోరోజో నాలుగోరోజో, మామూ డ్యూటీకి పోయేముందు వాకిట్లో కూర్చొని ఆ స్టిక్కరు గోటితో గీకేశాడు. స్తంభాలెక్కే మనిషి, రాత్రిపూట పల్లెలకు ఒక్కడే పోవాలి. కిరోసిన్ గుడ్డతో జిగురు కూడా తుడిచాడు. ఆ కింద నుంచి పాత పేరు, ఎండ తగలక కొత్తదానిలా, మళ్లీ బయటపడింది. నాకప్పుడు పదమూడేళ్లు. నానీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ వారంలోనే ఆస్పత్రికి పోవాల్సి వస్తే ఏమీ అనకుండా ఆ బండే ఎక్కింది.

నానీ 1998లో పోయింది. ఆ పేరుకు యజీద్‌తో ఏ చుట్టరికమూ లేదని నాకు తెలిసింది చాలా తర్వాత. మైసూరులో 1960లో ఐడియల్ జావా కంపెనీ పెట్టినవాళ్లు పార్సీలు, ఇంటిపేరే ఇరానీ. మొదట చెక్ దేశపు జావా పేరుతోనే బండ్లు చేశారు. ఆ జావా పేరు కూడా కలగాపులగమే. 1929లో ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మన్ బండి తయారీ హక్కు కొని, రెండు పేర్ల మొదళ్లూ కలిపి పెట్టాడు. చెక్‌వాళ్లు దాన్ని యావా అంటారు. 1970లలో మైసూరువాళ్లు తమ బండికి సొంత పేరు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఇరాన్‌లో తమ పూర్వీకుల ఊరు పేరు పెట్టుకున్నారు. ఆ ఊరు యజ్ద్. అగ్నిని పూజించే జొరాస్ట్రియన్లకు పట్టుగొమ్మ. వాళ్ల గుడిలో పదిహేను వందల ఏళ్లుగా ఒకే నిప్పు ఆరకుండా ఉందని చెప్పుకుంటారు.

ఇంకో సంగతి ఉంది. ఆ యజ్ద్‌లోనే అమీర్ చఖ్మాక్ చౌరస్తాలో నఖ్ల్ అనే పెద్ద కర్ర కట్టడం నిలబడి ఉంటుంది, రెండంతస్తుల మేడంత. హుస్సేన్ జనాజాకు అది గుర్తు. ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఆషూరా రోజున నల్లబట్టలు కట్టి వందలమంది నఖ్ల్‌ను భుజాల మీదికెత్తుతారు. మా నానీ ఏ పేరు మీద కూర్చోనన్నదో ఆ పేరుగల ఊరు హుస్సేన్ కోసం ఏడుస్తుంది. ఆమె బతికుంటే చెప్పేవాణ్ణి. నమ్మేది కాదు. "చెవికేం వినబడుతుందో అదే పేరు" అనేది.

ఆమె అన్నదీ నిజమే. నా పేరు కూడా అట్లాగే వినబడుతుంది జనానికి.

ఎండెక్కాక మైదానంలో పరీక్షలు మొదలయ్యాయి. ఒకాయన చేతిలో టార్చితో బండి బండికీ వంగి చూస్తున్నాడు. ఇంజను నంబరు, ఛాసీ నంబరు ఆర్‌సీ పుస్తకంతో కలవాలి. ట్యాంకు ఆ సంవత్సరందే అయ్యుండాలి. "ఇది మిక్స్ అండి. ట్యాంకు వేరే బండిది" అని ఒక బండిని పక్కకు పెట్టాడు. ఆ బండివాడి ముఖం, సంబంధం తప్పిపోయిన ఇంట్లో తండ్రి ముఖం. ఉస్తాద్ ఊరుకోలేదు.

"సాబ్, కంపెనీ మూతబడింది 1996ల. ఒరిజినల్ పిస్టన్ ఇప్పుడు ఏడికెల్లి వస్తది? ఆరు బండ్లు సచ్చినంక వాటి సామాన్లు వేస్తే ఒకటి బతుకుతది. మీ బండి కూడా నేనే కట్టిన. చెప్పాల్నా దాంట్ల ఎన్ని బండ్లున్నయో?"

అందరూ నవ్వారు. టార్చి ఆయన కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. తర్వాత ఎవరో ఉస్తాద్‌తో ఒక బండి బేరం తెచ్చారు. కండిషన్ మంచిదే, ధర తక్కువ. ఉస్తాద్ ఒక్కటే అడిగాడు. "కాగితాలున్నయా?" లేవట. "అయితే అది బండి కాదు, ఇనుము" అన్నాడు ఉస్తాద్.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఊళ్లల్లో మా వాళ్లు ట్రంకుపెట్టెలు దించారు. ఎన్నార్సీ వస్తదట, కాగితాలు కావాలట. పదో తరగతి మెమో, రేషన్ కార్డు, తాత పేరుతో ఉన్న పాత పహాణీ... అన్నీ మంచం మీద పరిచి చూసుకున్నారు. ఒకదాంట్లో షేక్ ముందుంటుంది, ఒకదాంట్లో వెనక, ఒకదాంట్లో ఉండనే ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు ఏ గుమాస్తాకు ఎట్లా తోస్తే అట్లా. ఛాసీ నంబరు కలవని మనుషులం. మా మామూ జనవరిలో నాకు ఫోన్ చేసి, కాగితాలు ఏవేవి పనికొస్తాయో నువ్వు పేపరోడివి, వచ్చి చూడమన్నాడు. వెళ్లాను. ఆ కట్టలో అడుగున ఎజ్డీ ఆర్‌సీ పుస్తకం ఉంది. బండి ఎప్పుడో 1999లో పాత ఇనుపసామాన్లవాడికి పోయింది. పుస్తకం మాత్రం దాచుకున్నాడు.

"ఇదెందుకు మామూ?"

"దీంట్ల నా పేరు సక్కగుంది. మా అబ్బా పేరుంది. ఇంటి నంబరుంది. 1984. సర్కారు ముద్ర ఉంది. ఇది కూడ పెట్టు."

పెట్టాను. పక్కకు తీసేద్దామని చెయ్యి పోలేదు.

తొమ్మిదింటికి ర్యాలీ కదిలింది. చార్మినార్ దగ్గర ఫొటో, అక్కడ్నుంచి దారుల్‌షిఫా మీదుగా వెనక్కి. ఉస్తాద్ అన్నిటికంటే వెనక. అది ఆయన జాగా. ముందు ఆగిపోయిన బండి ఏదైనా ఆయనకు దొరకాలి. చార్మినార్ ముందు బండ్లన్నీ అర్ధచంద్రంలా నిలబెట్టి ఫొటోకు రమ్మంటే ఆయన రాలేదు, ఎవరిదో కార్బొరేటర్ విప్పుకొని కూర్చున్నాడు. ఫొటో నన్ను తియ్యమన్నారు. తీశాను. హెల్మెట్లు తీసేసరికి అందరూ ఎవరికి వాళ్లయిపోయారు. బొట్లు, గడ్డాలు, ఒకాయనకు తలపాగా. మళ్లీ పెట్టుకునేసరికి మళ్లీ ఒకటే.

బజారు దుకాణాల వాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఇన్ని బండ్లు ఒక్కసారి వచ్చేసరికి ఒక ముసలాయన చెయ్యి షట్టరు మీదికి పోవడం నేను చూశాను. జెండాల కోసం వెతికినట్టున్నాడు. లేకపోయేసరికి చెయ్యి తీసి, పాత ఎర్ర జావాను చూసి, పక్కవాడికి వేలుపెట్టి చూపించాడు.

దారుల్‌షిఫా దాటేముందు గుంటూరు కుర్రాడి ఎజ్డీ ఆగిపోయింది. మిగతావాళ్లు వెళ్లిపోయారు. నల్ల జెండాలు, నల్ల చొక్కాలు, ఎక్కడ చూసినా నలుపు. కుర్రాడు హెల్మెట్ తియ్యకుండానే నా దగ్గరికి జరిగి, మెల్లగా, "సార్, ఇక్కడ ఆగొచ్చా? ప్రాబ్లమేం లేదు కదా?" అన్నాడు. ఏం ప్రాబ్లమని అడగలేదు నేను. ఆ గొంతు నాకు కొత్త కాదు. అది నా గొంతే, వేరే గల్లీల్లో.

రోడ్డు పక్కన సబీల్ ఉంది. కర్బలాలో దాహంతో పోయినవాళ్ల పేరున దారినపోయేవాళ్లకు నీళ్లు, షర్బతు పోసే పందిరి. పదేళ్ల పిల్లాడొకడు, నల్ల కుర్తా, గ్లాసుల పళ్లెం పట్టుకొని వచ్చాడు. వచ్చినవాడు గ్లాసులివ్వకుండా ట్యాంకు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కొని, కళ్లు పెద్దవి చేసి ఉస్తాద్‌ను చూశాడు.

"యే యజీద్ కీ గాడీ హై?"

ఉస్తాద్ తలెత్తలేదు. ప్లగ్గు విప్పుతున్నాడు. "నై బేటే. షహర్ కా నామ్ హై. ఈరాన్‌లో ఊరు."

పిల్లాడు ఆలోచించాడు. "వహాఁ భీ సబీల్ లగాతే?" అక్కడ కూడా సబీల్ పెడతారా అని.

ఉస్తాద్ నా వైపు చూశాడు.

"లగాతే" అన్నాను.

పిల్లాడు పళ్లెం ముందుకు చాచాడు. గుంటూరు కుర్రాడు హెల్మెట్ తీసి, గులాబీరంగు షర్బతు ఒక్క గుక్కలో తాగి, ఎంత అని జేబులో చెయ్యి పెట్టాడు. తీసుకోరని చెప్పాను. ఇంకో గ్లాసు అడగొచ్చా అన్నాడు. ఉస్తాద్ ప్లగ్గును ప్యాంటుకు తుడిచి, నోటితో ఊది, పానా తిప్పి బిగించాడు.

"మారో కిక్" అన్నాడు.